ఎంఎస్ ఇనుము: విశాఖలో కొనేవాళ్లు, కట్టించుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. గేట్లు, గ్రిల్లులు, మెట్లు, రేకుల షెడ్లు చేస్తాం. ఫోన్లో, షెడ్డులో, టీ బడ్డీ దగ్గర జనం అడిగే ప్రశ్నల్నే ఇక్కడ రాశాను. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది "ఏది బలమైన ఇనుమండీ?" అని. నా అనుభవంలో మన ఊళ్లో బలం చాలక పోయిన ఇనుము తక్కువ. మందం తక్కువై, తుప్పు తినేసి పోయిందే ఎక్కువ. కింది జవాబులన్నిటి వెనకా ఆ లెక్కే ఉంది.

తక్కువ కార్బన్ ఉక్కు అంటే ఏంటి? షాపుల్లో ఎంఎస్ అంటారు, అదేనా?

అదే. ఎంఎస్ అంటే మైల్డ్ స్టీల్. కార్బన్ సుమారు 0.05 నుంచి 0.25 శాతం వరకు ఉంటే తక్కువ కార్బన్ ఉక్కు. కొన్ని పుస్తకాలు ఈ గీతను 0.30 దాకా జరుపుతాయి. అక్కణ్ణుంచి 0.60 వరకు మధ్యరకం, ఆపైన ఎక్కువ కార్బన్ ఉక్కు. 2 శాతం దాటితే పోత ఇనుము, సుత్తి దెబ్బకి పగులుతుంది.

కిలో ఎంఎస్‌లో కార్బన్ మహా అయితే రెండున్నర గ్రాములు. మిగతాదంతా ఇనుమే, దానితో కొంచెం మాంగనీసు, సిలికాన్, ఎంత వదిలించుకుందామన్నా పూర్తిగా పోని గంధకం, భాస్వరం.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. పూర్వం మనవాళ్లు 'ఉక్కు' అన్నది దీన్ని కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కులో కార్బన్ ఒక శాతం పైనే ఉండేది. కత్తులకు వాడింది దాన్ని. ఆ లెక్కన మన కిటికీ గ్రిల్లు ఉక్కు కాదు, మెత్తని ఇనుమే.

ఇంత కొంచెం కార్బన్‌తో అంత తేడా ఎలా వస్తుంది?

ఎంఎస్ ముక్కను అద్దంలా పాలిష్ చేసి, పలచని ఆమ్లం రాసి మైక్రోస్కోపులో చూస్తే పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసినట్టు కనిపిస్తుంది. తెల్లగా ఉన్నది ఫెర్రైట్. అది దాదాపు స్వచ్ఛమైన ఇనుము, మెత్తగా ఉంటుంది, వంగుతుంది. నల్లటి గింజలు పెర్లైట్. ఇనుము, కార్బన్ కలిసిన గట్టి పొరలు వాటిలో ఉంటాయి. 0.2 శాతం కార్బన్ ఉంటే ఈ నల్ల గింజలు పావు వంతు ఉంటాయి, 0.77కి చేరితే మొత్తం అవే. గింజలు పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది, వంగే గుణం పోతుంది. ఎంఎస్ విరగకుండా వంగేది ఆ ముప్పావు వంతు మెత్తదనం వల్లే.

'లో కార్బన్ స్టీల్' అంటే పర్యావరణానికి మంచిదనా?

కాదు. ఈ మధ్య పొగ, బొగ్గుపులుసు వాయువు తక్కువ వదిలి తయారుచేసిన ఉక్కును కూడా అలా అంటున్నారు, అందుకే ఈ గందరగోళం. దానికి గ్రీన్ స్టీల్ అన్న పేరే నయం. ఇక్కడ మనం మాట్లాడేది ఉక్కు లోపలి కార్బన్ గురించి.

మన స్టీల్ ప్లాంట్‌లో తయారయ్యేది ఇదేనా?

చాలావరకు ఈ కుటుంబమే. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో ఉద్యమం జరిగింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. సముద్రం ఒడ్డున కట్టిన దేశపు మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం ఇది, సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు.

గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల్లోంచి వచ్చే ద్రవ ఇనుములో కార్బన్ 4 శాతం దాకా ఉంటుంది. దాన్ని కన్వర్టర్ అనే పెద్ద పాత్రలో పోసి ఆక్సిజన్ ఊదితే పావుగంట, ఇరవై నిమిషాల్లో ఆ కార్బన్ కాలిపోతుంది. అంటే ఉక్కు చేయడమంటే ఎక్కువభాగం కార్బన్ తీసేయడమే.

చాలామందికి తెలియంది ఇంకొకటి ఉంది. మన ప్లాంటుది పొడుగు సరుకు: చువ్వలు, వైర్ రాడ్, రౌండ్లు, యాంగిళ్లు, ఛానళ్లు, బీములు. ప్లేట్లు, షీట్లు ఇక్కడ రోల్ చేయరు. కాబట్టి ఎవరైనా "ఇది వైజాగ్ స్టీల్ వాళ్ల షీటు" అని అమ్మితే నవ్వి ఊరుకోండి.

ఎంఎస్‌లో రకాలు ఎన్ని?

లెక్కపెట్టే పద్ధతిని బట్టి. కార్బన్‌ను బట్టి చూస్తే అన్నిటికన్నా మెత్తనివి కారు డోర్లకు, వాషింగ్ మెషిన్ పైతొడుగుకు వాడే షీట్లు. వీటిలో కొన్నిట్లో కార్బన్ 0.005 శాతం కన్నా తక్కువ. అచ్చులో పెట్టి నొక్కితే పిండిలా సాగుతాయి. ఐఎస్ (భారత ప్రమాణం) 513 కింద వచ్చే కోల్డ్ రోల్డ్ షీట్లు ఈ దారివే. ఆ తర్వాత 0.10 దగ్గర బైండింగ్ వైరు, మేకులు, వెల్డు మెష్. 0.15 నుంచి 0.23 మధ్య మనం రోజూ చూసే యాంగిల్, ఛానల్, ప్లేటు. బిల్లు మీద ఐఎస్ 2062 ఇ250 అని కనిపించేది ఇదే. ఇందులో ఎ, బి, సి అన్న తరగతులున్నాయి. ఎ తరగతికి కార్బన్ 0.23 దాటకూడదు, సికి 0.20. మామూలు షెడ్డుకు ఎ చాలు.

ఇదే కార్బన్ ఉంచి చిటికెడు నియోబియం, వెనేడియం, టైటానియం కలిపితే బలం 350, 450 మెగాపాస్కల్ (బలాన్ని కొలిచే ప్రమాణం, లెక్క కింద చెప్పాను) దాకా పోతుంది. లారీ ఛాసిస్‌లు, పెద్ద వంతెనలు, గ్యాస్ పైపులైన్లు వీటితో కడతారు. ఈ రకం చిన్న షాపులో అడిగినా దొరకదు, మామూలు ఇంటికి అక్కర్లేదు కూడా.

రోలింగ్‌ను బట్టి ఇంకో విభజన ఉంది. ఎర్రగా కాల్చి రోల్ చేస్తే హాట్ రోల్డ్. పైన నీలి-నలుపు పెచ్చు ఉంటుంది, కొలతలు ఒకింత అటూఇటూగా ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు రోల్ చేసినా, డైలోంచి లాగినా నునుపుగా, కొలతకు సరిగ్గా వస్తుంది, కొంచెం గట్టిపడుతుంది. లేతు మిషన్ వాళ్లు కొనే బ్రైట్ బారు అదే.

దీని బలం ఎంత?

ఇ250లో 250 అంటే ఆ మెగాపాస్కల్ దాకా లాగి వదిలితే తిరిగి మొదటి పొడవుకు వస్తుందని అర్థం. మన భాషలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 25 కిలోలు. 12 మి.మీ. సాదా చువ్వకు ఇది దాదాపు 2.8 టన్నులు. అక్కడ దాటితే సాగడం మొదలవుతుంది కానీ తెగదు. 410 మెగాపాస్కల్ దాకా తట్టుకుంటుంది, తెగేలోపు పొడవు కనీసం 23 శాతం పెరుగుతుంది.

నాకు దీనిలో నచ్చేది ఆ సాగడమే. పోత ఇనుము చెప్పాపెట్టకుండా విరుగుతుంది. ఎంఎస్ ముందు వంగి, కిందకు దిగి, రంగు పెచ్చులూడి మనకు కబురు పెడుతుంది.

ఖరీదైన గ్రేడు వేస్తే మెట్లు ఊగకుండా ఉంటాయా?

ఉండవు. ఈ ఒక్క అపోహకు ఈ ఊళ్లో ఎంత డబ్బు ఖర్చయి ఉంటుందో! ఊగడం, వంగడం బలానికి సంబంధించింది కాదు, బిరుసుకు సంబంధించింది. ఆ బిరుసు 250 గ్రేడుకైనా 450 గ్రేడుకైనా ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్. గ్రేడు పెంచితే తెగడానికి ఎక్కువ బరువు పడుతుంది, అంతే. అదే బరువుకు రెండూ ఒకేలా వంగుతాయి.

ఊగకూడదంటే లోతు పెంచాలి. 50 వెడల్పు, 6 మందం ఉన్న ఫ్లాటును పడుకోబెట్టి రెండు ఇటుకల మీద పెట్టి చేత్తో నొక్కండి, వంగుతుంది. దాన్నే అంచు మీద నిలబెట్టి నొక్కండి. కదలదు. లెక్కకు దాదాపు 70 రెట్ల తేడా. కొన్నది అదే ఫ్లాటు, కట్టింది అదే డబ్బు.

బరువు లెక్క ఎలా? గేజు మోసాన్ని ఎలా పట్టుకోవాలి?

గుండ్రని చువ్వకు: మి.మీ.లో వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి. 12 మి.మీ.కు 144ని 162తో భాగిస్తే 0.889 కిలో. ప్లేటుకు: మందం మి.మీ.ను 7.85తో గుణిస్తే చదరపు మీటరు బరువు.

స్క్వేర్ పైపులో గోల ఎక్కువ. గేజు పెరిగితే మందం తగ్గుతుంది: 14 గేజు అంటే సుమారు 2 మి.మీ., 16 అంటే 1.6, 18 అంటే 1.2. 40×40 పైపు 2 మి.మీ. మందంతో 6 మీటర్ల పొడవు సుమారు 14 కిలోలు తూగాలి. ఒకసారి గేటు పనికి 2 మి.మీ. అని తెప్పించాను. దింపుతున్న కుర్రాడు ఒంటిచేత్తో ఎత్తుతుంటే అనుమానం వచ్చి కాటా మీద పెట్టాను. పదకొండున్నర. కోసి చూస్తే 1.6. కొసల్లో మాత్రం కటింగులో మిగిలిన గరుకు అంచు (బర్రు) వల్ల మందంగా కనిపిస్తోంది! అప్పట్నుంచి కొస దగ్గర కొలవను, ముందు తూకం వేస్తాను. మీరూ పైపుల లెక్కన కాకుండా కిలోల లెక్కన కొనండి.

చేతిలో ఉన్న ముక్క ఎంఎస్ అవునా కాదా ఇంటి దగ్గరే తెలుస్తుందా?

గ్రైండర్ చాలు. సాయంత్రం పూట నీడలో, కళ్లద్దాలు పెట్టుకుని ముక్కను చక్రానికి మెల్లగా ఆనించండి. ఎంఎస్ అయితే పొడవాటి పసుపు గీతలు తిన్నగా పోతాయి, కొసల్లో అక్కడక్కడ చిన్న చీలిక. లారీ కమాను పట్టీ ముక్క పెట్టండి: గీతలు పొట్టిగా, ప్రతి గీత చివర కాకరపువ్వొత్తిలా పూలు పూస్తుంది. ఆ పూలే కార్బన్. పోత ఇనుముకు ఎర్రగా, పొట్టిగా వచ్చి ఆగిపోతాయి. మా షెడ్డులో పనికి చేరిన కుర్రాళ్లకు మొదటి రోజు పాఠం ఇదే. పక్కపక్కన రెండు ముక్కలు పెట్టి ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోరు.

దీనితో కత్తి చేసి నీళ్లలో ముంచితే పదునెక్కుతుందా?

ఎక్కదు. ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడాలంటే కార్బన్ కావాలి, ఇందులో లేదు. మా తాతల నాటి కమ్మర్లకు ఈ సంగతి తెలుసు. అందుకే కత్తులకు, కొడవళ్లకు కమాను పట్టీలు ఏరుకునేవారు.

పైపొరను మాత్రం గట్టిచేయొచ్చు. ముక్కను బొగ్గుపొడిలో కప్పిగానీ, కార్బన్ ఉన్న గ్యాసులో ఉంచిగానీ 900 నుంచి 950 డిగ్రీల దగ్గర గంటల తరబడి పెడితే కార్బన్ పైనుంచి లోపలికి ఇంకుతుంది. తర్వాత ముంచితే పైన గట్టి చర్మం, లోపల మెత్తని కండ. గేర్లు, పిన్నులు ఇలా చేస్తారు.

వెల్డింగ్‌లో జాగ్రత్తలు ఏంటి?

వెల్డింగ్‌కు ఇంత సులువైన ఉక్కు లేదు. గ్రిల్లుకు, గేటుకు 6013 రకం వెల్డింగ్ రాడ్డు చాలు. బరువు మోసే జాయింట్లకు 7018 వాడాలి. కానీ మన గాలిలో తేమకు ప్యాకెట్ విప్పిన 7018 రాడ్లు చెమ్మ పీలుస్తాయి. అలాంటివి 300 నుంచి 350 డిగ్రీల్లో ఎండబెట్టకుండా కాలిస్తే అతుకులోకి హైడ్రోజన్ చేరి తర్వాత పగుళ్లొస్తాయి. ఓవెన్ లేని చోట 7018 వాడానని గొప్పలు చెప్పేవాళ్లను నేను నమ్మను.

గాల్వనైజ్డ్ పైపును వెల్డు చేసేటప్పుడు అతికే చోట జింకు గీకేయండి. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

స్లాబులో వేసే టీఎంటీ చువ్వలు కూడా ఇవేనా?

కార్బన్ లెక్కన దగ్గరి చుట్టాలే. ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్ఇ 500 గ్రేడు చువ్వకు కార్బన్ 0.30 దాటకూడదు, 500డికి 0.25. బలం కార్బన్ వల్ల రాలేదు, నీళ్ల వల్ల వచ్చింది. మిల్లులోంచి ఎర్రగా వచ్చిన చువ్వ మీద నీళ్లు జోరుగా కొడితే పైచుట్టు గట్టిపడుతుంది, లోపలి వేడి దాన్ని కొంచెం మెత్తబరుస్తుంది, నడిమి భాగం మామూలుగా చల్లారుతుంది. చువ్వను కోసి, పాలిష్ చేసి ఆమ్లం రాస్తే ఆ ఉంగరం కళ్లకు కనిపిస్తుంది. అందుకే టీఎంటీని వెల్డు చేయకండి, మంట పెట్టి వంచకండి. ఆ ఉంగరం పోతే డబ్బు పెట్టి కొన్న బలం పోయినట్టే. 500కు, 500డికి తేడా సాగే గుణంలో: 12 శాతం, 16 శాతం. డి కొనండి.

మాది లాసన్స్ బే కాలనీ. గేటు రెండేళ్లకే తుప్పు పట్టింది. సరుకు నాసిరకమా?

ఈ ఫోన్ నాకు నెలకోసారైనా వస్తుంది. సరుకు తప్పు కాకపోవచ్చు. ఎంఎస్‌కు తుప్పును ఆపే శక్తి సహజంగా లేదు, ఏ కంపెనీదైనా అంతే. పైగా సముద్రపు గాలి ఉప్పును మోసుకొస్తుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీసి పెడితే చెమ్మగిల్లుతుంది కదా, గేటు మీద కూర్చున్న ఉప్పు కూడా అంతే. వాన పడకపోయినా ఇనుమును తడిగా ఉంచుతుంది. తుప్పుకు కావలసింది నీరు, గాలి. ఉప్పు ఆ పనిని వేగం చేస్తుంది.

మీ గేటును దగ్గరికెళ్లి చూడండి. పందెం కాస్తాను, మధ్యలో బాగానే ఉంటుంది. పోయేది కింది పైపు అడుగున, వెల్డింగ్ మచ్చల చుట్టూ, కొసలు మూయని పైపుల లోపల, కీలు దగ్గర. అంటే పని చేసినవాళ్ల తొందర కనిపించే చోట్ల. వెల్డింగ్ చిట్లిన బొట్లు, నీలి పెచ్చు తీయకుండా ఒక్క కోటు రెడ్ ఆక్సైడ్ కొట్టి పైన ఎనామిల్ వేస్తే, పెచ్చుతోపాటు రంగూ ఊడుతుంది.

చేయాల్సింది ఇది. పెచ్చు పూర్తిగా పోయేదాకా గ్రైండింగో, ఇసుక బ్లాస్టింగో. తుడిచి ఆ రోజే ప్రైమరు, ఎందుకంటే మన ఊళ్లో రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబారుతుంది. ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు రెండు కోట్లు, పైన పీయూ (పాలీయురేథేన్) రంగు. పైపు కొసలు మూసేయాలి, లేదా అడుగున నీరు కారేలా బెజ్జం పెట్టాలి. సగం మూసి సగం వదిలేయడమే ప్రమాదం. ఇక ఖర్చులేని మందు: పదిహేను రోజులకోసారి మంచినీళ్ల పైపుతో గేటు కడగండి. కారు కడుగుతారు, గేటును ఎవరూ కడగరు.

జీఐ (జింకు పూసిన ఇనుము) వేస్తే సరిపోతుందా?

జింకు పూత మంచిదే, కానీ పూత ఎంత అన్నది అడగాలి. జింకు ముందు తాను కరిగిపోయి ఇనుమును కాపాడుతుంది కాబట్టి ఎంత మందం ఉంటే అన్నేళ్లు. 275 జీఎస్ఎం షీటుకు (చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 275 గ్రాముల జింకు) ఒక్కో వైపు పూత 20 మైక్రాన్లు కూడా ఉండదు; మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అదే వస్తువు పూర్తిగా తయారయ్యాక 450 డిగ్రీల జింకు తొట్టిలో ముంచితే, 6 మి.మీ. దాటిన ఇనుముకు 85 మైక్రాన్ల దాకా వస్తుంది. రెంటినీ జీఐ అనే అంటారు. జీఐ పైపు కొని కోసి వెల్డు చేస్తే ఆ అతుకు దగ్గర జింకు లేదు, అక్కడ జింక్ రిచ్ పెయింటు తప్పనిసరి.

బోల్టులు మర్చిపోకండి. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరు 12 తర్వాత మా వీధిలో ఎగిరిపోయిన రేకులు ఏరుకొచ్చి చూశాం. రేకు బాగానే ఉంది, బోల్టు బెజ్జం దగ్గర చిరిగిపోయింది. జే బోల్టులు కొన్ని వేలితో విరిగేంత తుప్పు పట్టి ఉన్నాయి.

స్టెయిన్‌లెస్ మేలు కదా?

బీచ్ రోడ్డు మీద 304 రకం స్టెయిన్‌లెస్ కూడా గోధుమరంగు మచ్చలు తేలుతుంది. 316 నయం, ధర ఎక్కువ. ఎంఎస్ ఫ్రేముకు స్టెయిన్‌లెస్ రెయిలింగు నేరుగా అంటిస్తే తడిలో ఎంఎస్ ఇంకా తొందరగా పోతుంది. మధ్యలో రబ్బరో నైలానో వాషరు వేయించండి.

తుప్పే రక్షణగా ఉండే కార్టెన్ ఉక్కు వాడొచ్చా?

మన తీరంలో వద్దు. ఉప్పు గాలికి ఆ రక్షణ పొర నిలకడగా ఏర్పడదు.

ఓడలు కూడా ఇదే ఉక్కుతో కడతారా?

అవును, కొంచెం చదువుకున్న ఎంఎస్ అనుకోండి. 1948లో మన షిప్‌యార్డు నుంచి నెహ్రూ చేతుల మీదుగా జల ఉష ఓడ నీళ్లలోకి దిగినప్పటి నుంచి ఈ ఊరికి ఓడ ప్లేట్లు పరిచయమే. మామూలు ఓడ ఉక్కులో ఎ, బి, డి, ఇ అని నాలుగు గ్రేడులు. నాలుగింటికీ బలం ఒకటే, 235 మెగాపాస్కల్. తేడా చలిలో పగలకుండా ఉండడంలో: దెబ్బ తట్టుకుంటుందా అన్న పరీక్షను బికి 0 డిగ్రీల దగ్గర చేస్తారు, డికి మైనస్ 20, ఇకి మైనస్ 40. తక్కువ కార్బన్ ఉక్కు బాగా చల్లబడితే గాజులా పగులుతుంది. విశాఖలో మీ గేటుకు ఆ భయం లేదు, లంబసింగిలో ఉన్నా లేదు.

ఇంట్లో ఇంకెక్కడెక్కడ ఉంటుంది?

వంటగ్యాస్ సిలిండర్ చూడండి. నడుము చుట్టూ ఒక వెల్డింగ్ గీత ఉంటుంది. షీటును గిన్నెల్లా సాగదీసి రెండు గిన్నెలను అక్కడ అతికారు. కార్బన్ ఎక్కువ ఉంటే అలా సాగకముందే చిరిగిపోయేది. బీరువా, ఫ్యాన్ కొక్కెం, నూనె డబ్బా, మేకు, సైకిల్ ఫ్రేము అన్నీ ఈ కుటుంబమే. స్ప్రింగుకు, ఉలికి, బేరింగుకు మాత్రం పనికిరాదు.

రంగు ఏ నెలలో వేయించాలి?

సంక్రాంతికి ఇంటికి సున్నం వేయించే అలవాటు ఎవరు పెట్టారో గానీ ఇనుముకూ అదే సరైన కాలం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వాన ఉండదు, మిగతా ఏడాదితో పోలిస్తే గాలిలో తేమ తక్కువ. పొద్దున్నే మాత్రం మొదలుపెట్టనివ్వకండి. రాత్రి మంచు ఇనుము మీద సన్నటి పొరలా ఉంటుంది, కంటికి కనిపించదు. అరచేయి ఆనించి తీస్తే తడి తెలుస్తుంది. ఎండ తగిలి గేటు గోరువెచ్చగా అయ్యాక, తొమ్మిదిన్నర, పదికి బ్రష్షు పట్టమనండి. నాలుగింటికల్లా ఆపించేయండి.